ఎడమ భుజం

లాడ్జి సెంటర్లో షేర్ ఆటో ఎక్కాను.
నలుగురు కూర్చునే చోట ఏడుగురం,
ఎనిమిదోవాడు వాళ్ళమ్మ ఒళ్ళో,
ఒంటి చెప్పుతో, దర్జాగా.

రెండోదేదిరా అని అడిగాను.
కాలవలోకి పోయిందన్నాడు,
చేప తొడుక్కుందన్నాడు.
చేపకి కాళ్ళుంటాయా?
కాసేపు నా మొహంలోకి చూసి
"ఆ చేపకి ఉంటయ్" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో
నన్ను చూసి నవ్విన పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
సందు మొగలో నా తెల్లచీర అంచు కనిపిస్తే చాలు
మంచాల కిందికి, తలుపుల వెనక్కి,
ఒకసారి ఒకడు మిరపకాయ టిక్కీల మధ్యకి.
తుమ్ముల్ని బట్టి పట్టుకున్నాం వాణ్ణి.

కుడి మణికట్టు దగ్గర నాలుగు పాలపళ్ళ గుర్తు
ఇప్పటికీ ఉంది నాకు.
సంగడిగుంట షంషాద్ రెండో కొడుకుది.
పోలియో ఆదివారాల్లో కాస్త మర్యాద,
రెండు చుక్కలు, చిటికెన వేలికి సిరా.
అప్పుడైనా కళ్ళు మాత్రం నా సంచీ మీదే,
ఇంకేం తీస్తానో అని.

రిటైరై ఐదేళ్ళు.
నేనెవరో ఇప్పుడు ఎవరికీ తెలియదు.
నేత చీర, గుడ్డసంచి, అందులోంచి తొంగిచూసే తోటకూర.
పిల్లలు తేరిపార చూస్తారు.
నాకింకా అలవాటు కాలేదు.

పట్టాభిపురం రైతుబజార్లో
దొండకాయల గుట్ట వెనకాల ఓ పిల్ల,
వాళ్ళ నాన్న తూచాక కొసరుగా ఒక కాయ వేసింది.
ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తీసుకుంది,
సగం కొరికి, మిగతా సగం వేసింది.
లెక్క సరిపోయిందన్నట్టు తలూపింది.
నేనూ ఊపాను.

అరండల్‌పేటలో బీపీ మాత్రల కోసం నిలబడితే
తండ్రి భుజం మీంచి వెనక్కి చూస్తూ ఓ చంటిది.
నేను కళ్ళు మూశాను, అదీ మూసింది.
నేను తెరిచేసరికి
వాళ్ళ బండి ఎనిమిదో లైనులోకి తిరుగుతోంది.
అది ఇంకా మూసుకునే ఉంది.

ఇక నిన్న, తెనాలి బస్సులో.
ముందు సీట్లో ఓ తల్లి, పెరుగన్నం డబ్బా,
మూతి బిగించిన మూడేళ్ళ పిల్ల.
బతిమాలింది, గేదెని చూపించింది,
గేదె వెనక్కి పోయాక కాకిని చూపించింది,
విసిగి విసిగి నా వైపు వేలు పెట్టింది:
"తినకపోయావంటే ఆ అమ్మమ్మ సూదేస్తది!"

ఎలా తెలిసిందని ఉలిక్కిపడ్డాను.
తెలియలేదు. ఊరికే అంది.
తెల్లజుట్టున్న ఆడమనిషి ఎవరైనా
ఆ సమయానికి పనికొస్తుంది.

పిల్ల నన్ను చూసింది.
ఆ చూపు నాకు కొత్తా?

సంచి పక్కన పెట్టి రెండు చేతులూ చాపాను.
బోర్లించాను, వెల్లకిలా తిప్పాను,
గాజులు పైకి జరిపి మరీ చూపించాను.
సీటెక్కి నిలబడి ఒక్కో వేలూ పట్టి చూసింది.
బుడంపాడు నుంచి నారాకోడూరు దాకా
సాగింది తనిఖీ.

సూది లేదని తేలాక
వాళ్ళమ్మ చేతిలో ముద్ద లాక్కుని
నా అరచేతిలో పెట్టింది.
"నువ్ తిను. తినకపోతే నేనేస్తా."

తిన్నాను. ఉప్పు తక్కువైంది,
దానిమ్మ గింజొకటి తగిలింది.
"ఏమనుకోకండమ్మా" అంది తల్లి, ఎర్రబడి.
ఏం పని చేసేదాన్నో చెప్పలేదు నేను.

దిగేటప్పుడు చంకనెత్తుకుంటే
పిల్ల గౌను చెయ్యి పైకి జారింది.
ఎడమ భుజం మీద మచ్చ,
మినపగింజంత, గుండ్రంగా,
చక్కగా పండిన సూది.

ఎవరు వేశారో గానీ
చెయ్యి మంచిది.